పదో తరగతి ఇంగ్లీషుకు పుస్తకాల కరవు

సంక్రాంతి సెలవులు ముగిసిన దగ్గర్నుంచి మార్చిలో పరీక్షలు మొదలయ్యేదాకా పెద్దపల్లి జిల్లాలో పదో తరగతి పిల్లలకు పొద్దున ఒక ప్రత్యేక తరగతి, సాయంత్రం మరొకటి. గోదావరిఖని కాలనీ బడి అయినా, మంథని వైపు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అయినా ఇంగ్లీషు పీరియడ్‌లో జరిగేది దాదాపు ఒకటే. ఖాళీలు పూరించడం, యాక్టివ్ వాయిస్‌ను పాసివ్‌లోకి మార్చడం, వ్యతిరేక పదాలు, ఆర్టికల్స్, ప్రిపొజిషన్లు, పాత ప్రశ్నపత్రాలు, స్లిప్ టెస్టులు. ఫలితాలు కూడా బాగానే వస్తున్నాయి. రాష్ట్రవ్యాప్తంగా పదో తరగతి ఉత్తీర్ణత 2024లో 91.31 శాతం, 2025లో 92.78 శాతం. అయినా జూన్ వచ్చేసరికి ఇంటర్ లెక్చరర్లు, పాలిటెక్నిక్ అధ్యాపకులు, తల్లిదండ్రులు అదే ప్రశ్న మళ్లీ అడుగుతారు: ఇన్ని నెలలు సాధన చేసిన పిల్లలు ఇంగ్లీషులో ఒక పేజీ ఆగకుండా ఎందుకు చదవలేకపోతున్నారు? ఉపాధ్యాయుల శ్రద్ధను, పిల్లల తెలివిని శంకిస్తే దీనికి జవాబు దొరకదు. లోపం సాధనలోనే ఉంది. వ్యాకరణానికి, పదజాలానికి ఏడాదంతా కేటాయించి, ఆ రెండూ నిజంగా ఒంటబట్టే చోటైన పఠనాన్ని మనం ఖాళీగా వదిలేశాం.

ముందు ఈ పిల్లలు ఎక్కడి నుంచి వచ్చారో చూడాలి. తెలంగాణ ప్రభుత్వం 2022-23 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఒకేసారి ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టింది. ఆ మరుసటి ఏడాది తొమ్మిదికి, ఆపై 2024-25లో పదికి అది చేరింది. ఒకవైపు తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉండే ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు. అంతకుముందు 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన సక్సెస్ పాఠశాలల పథకం కింద చాలా ఉన్నత పాఠశాలల్లో సమాంతరంగా ఇంగ్లీషు సెక్షన్లు ఉన్నమాట నిజమే. కానీ అందరికీ ఒకే మాధ్యమం అయింది మాత్రం ఇప్పుడే. 2025 మార్చిలో పరీక్ష రాసిన బ్యాచ్‌ను గమనించండి. వాళ్లు ఆరో తరగతిలో ఉండగా బడులు కరోనాతో దాదాపు ఏడాదంతా మూతపడ్డాయి. టీవీ ముందు కూర్చుని పాఠాలు విన్నారు. ఏడో తరగతి సెప్టెంబరులో గానీ మొదలు కాలేదు. ఎనిమిదికి వచ్చేసరికి మాధ్యమం మారింది. చదవడం అలవాటయ్యే వయసులో రెండేళ్లు పోగొట్టుకుని, మూడో ఏడు సామాన్య శాస్త్రం, సాంఘిక శాస్త్రం ఇంగ్లీషులో ఎదుర్కొన్నారు. 2022-23లో ఒకటో తరగతిలో చేరినవాళ్లు పదికి వచ్చేది 2031-32లో. ఆలోపు ఏడు బ్యాచ్‌లు, అంటే నాడు రెండు నుంచి ఎనిమిది తరగతుల్లో ఉన్న పిల్లలందరూ, మధ్యలో మాధ్యమం మార్పు చూసినవాళ్లే. వీళ్లకు పదో తరగతి ఇంగ్లీషు ఒక్క సబ్జెక్టుతో ఆగదు. మిగిలిన సబ్జెక్టుల్లోకి వెళ్లాలన్నా అదే దారి.

బొగ్గు గనుల ప్రాంతంలో ఈ విషయానికి అదనపు బరువు ఉంది. 1990ల తొలి ఏళ్లలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు ఆ సంఖ్య నలభై వేల దరిదాపు. భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు, యంత్రాలు పెరిగాయి. తండ్రి దిగిన బాయిలోకే కొడుకు దిగుతాడన్న భరోసా చాలా ఇళ్లలో లేదు. కారుణ్య నియామకం దొరికినా ఇంటికి ఒక్కరికే. మరోపక్క అవకాశాలు బస్సు దూరంలోనే పెరిగాయి. సెంటినరీ కాలనీలో జేఎన్‌టీయూ మంథని ఇంజినీరింగ్ కళాశాల ఉంది. గోదావరిఖనిలో 2022 నవంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. 1999లో మూతపడిన ఎరువుల కర్మాగారం స్థానంలో ఆర్ఎఫ్‌సీఎల్ నడుస్తోంది. ఎన్టీపీసీ ఎలాగూ ఉంది. సింగరేణి సైతం ఒడిశాలోని నైనీ బ్లాకులో బొగ్గు తీయడం మొదలుపెట్టి తెలుగు నేల దాటింది. వీటిలో దేనిలో అడుగుపెట్టాలన్నా పాఠ్యపుస్తకం, యంత్రం మాన్యువల్, భద్రతా సర్క్యులర్, ఉద్యోగ ప్రకటన ఇంగ్లీషులో చదివి అర్థం చేసుకోవాలి. గమనించాల్సింది, ఇవన్నీ చదివే పనులు. మాట్లాడే ఇంగ్లీషు మీద ఉన్న మోజులో ఈ సంగతి మరుగున పడుతోంది. పదహారేళ్ల పిల్లకు మొదట అవసరమయ్యేది తనంత తాను ఒక అధ్యాయం చదువుకోగల శక్తి.

బిట్ల సాధనను సమర్థించేవాళ్ల వాదనను తేలిగ్గా తీసిపారేయకూడదు. వాళ్లలో చాలామంది అనుభవం ఉన్న ప్రభుత్వ ఉపాధ్యాయులు. చేతిలో ఉన్నది రెండు మూడు నెలలు. తరగతిలో సగం మందికి వాక్యం కూర్చడం రాదు. 35 శాతం దాటకపోతే ఆ పిల్లల చదువు అక్కడే ఆగిపోవచ్చు, ముఖ్యంగా ఆడపిల్లలది. నియమం చెప్పి, పదిసార్లు చేయిస్తే కొన్ని మార్కులు ఖాయంగా వస్తాయి. పైగా బాసర ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి మార్కుల మీదే ఆధారపడుతుంది. అక్కడ ఒక్క మార్కు తేడాతో సీటు చేజారిన ఇల్లు బొగ్గుబెల్టులో ఎన్నో. ఉత్తీర్ణత శాతం మీద కలెక్టరు నుంచి మండల విద్యాధికారి దాకా సమీక్షలు జరిగే చోట ఉపాధ్యాయుడు కథల పుస్తకం తెరిచి కూర్చుంటే ఎవరు ఒప్పుకుంటారు? ఈ వాదనలో న్యాయం ఉంది. అయితే పరీక్ష అడుగుతున్నదేమిటో కూడా చూడాలి. తెలంగాణ పదో తరగతి ఇంగ్లీషు పేపరులో వ్యాకరణం, పదజాలం బిట్లు చిన్న భాగం. పేరా చదివి జవాబులు రాయడం, సంభాషణ, లేఖ, డైరీ, జీవిత రేఖాచిత్రం వంటివి సొంతంగా రాయడం పెద్ద భాగం. ఆ పెద్ద భాగాన్ని సైతం బట్టీకి లొంగదీసుకున్నాం. గైడ్లలో లేఖలు సిద్ధంగా ఉంటాయి, పాఠంలోని పేరాలకు జవాబులు ముందే ఉంటాయి, ప్రభుత్వమే ఇచ్చే అభ్యాస దీపికలను కూడా చాలా చోట్ల అదే పద్ధతిలో వాడుతున్నారు. చదివే సామర్థ్యం కొలవాల్సిన ప్రశ్న చివరికి జ్ఞాపకశక్తిని కొలుస్తోంది.

పదజాలం లెక్క కొంచెం వివరంగా చూద్దాం. ఇంగ్లీషులో అతి తరచుగా వచ్చే 2,000 పదాలు తెలిస్తే మామూలు రచనలో సుమారు 80 శాతం పదాలు తెలిసినట్టే. వినడానికి ఇది ఆశాజనకంగా ఉంటుంది. కానీ మిగిలిన 20 శాతం అంటే ప్రతి అయిదు పదాల్లో ఒకటి తెలియదని అర్థం. అలాంటి పేజీని ఎవరూ చదవరు, వేలు పెట్టి కూడబలుక్కుంటారు. ఎవరి సాయం లేకుండా హాయిగా చదవాలంటే పేజీలో 98 శాతం పదాలు తెలిసి ఉండాలని న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్ విక్టోరియా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ నేషన్, ఆయన సహ పరిశోధకులు 2000లో చూపారు. ఇంకో సంగతి, కొత్త పదం ఒకటి రెండు సార్లు కనిపిస్తే నిలవదు. వేర్వేరు వాక్యాల్లో పదిసార్లయినా ఎదురుపడాలి. ఒక పాఠం చివర ఇచ్చే పది కొత్త పదాలు, వాటి పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు రాసి దిద్దించినంత మాత్రాన ఆ పదిసార్లు పూర్తికావు. అందుకు తేలికైన భాషలో, ఎక్కువ పేజీలు చదవడం తప్ప వేరే దారి లేదు. నిమిషానికి 80 పదాలు మాత్రమే చదవగలిగే పిల్ల రోజుకు పదిహేను నిమిషాలు చదివితే 1,200 పదాలు. బడి నడిచే రోజుల్లో 150 రోజులు చదివినా 1,80,000 పదాలు. మొత్తం పాఠ్యపుస్తకం దీని దరిదాపుల్లోకి రాదు. పాఠ్యపుస్తకాన్ని అయిదు సార్లు తిరగేసినా అవే వాక్యాలు ఎదురవుతాయి తప్ప అవే పదాలు కొత్త వాక్యాల్లో ఎదురవవు.

ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1926లోనే బెంగాల్ పిల్లల గురించి ఇదే వాదించారు. ఆయన పెట్టిన కొలమానం నేటికీ పనికొస్తుంది. బీమా పాలసీని మధ్యలో ఆపేస్తే చేతికి ఎంత వస్తుందో చూసినట్టే, భాష నేర్చుకోవడం మధ్యలో ఆపేసిన పిల్లవాడికి ఏం మిగులుతుందో చూడమన్నారు. మాట్లాడటం సగంలో ఆగితే మిగిలేది తక్కువ. చదవడం కొంతవరకు వచ్చి ఆగినా అది జీవితాంతం పనిచేస్తుంది. పది దాటాక ఐటీఐకో, ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు పనికో వెళ్లే పిల్లవాడి దగ్గర ఏం మిగిలిందని మనం ఎప్పుడూ లెక్క చూసుకోలేదు. పాసివ్ వాయిస్ నియమం ఆరు నెలల్లో మరిచిపోతాడు. చదివే అలవాటుంటే అది మిగిలేది. ఫిజీ దీవుల్లో వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మంగూభాయ్ 1980లో మొదలుపెట్టిన ప్రయోగం ఈ వాదనకు గట్టి ఆధారం. గ్రామీణ బడుల్లో తరగతికి దాదాపు 250 ఇంగ్లీషు కథల పుస్తకాలు ఇచ్చారు. పిల్లలు రోజూ కొంతసేపు చదివారు, లేదా టీచరుతో కలిసి చదివారు. మిగతా బడుల్లో మామూలు వ్యాకరణ పాఠాలు సాగాయి. పుస్తకాలు అందిన పిల్లలు చదవడంలో, విని అర్థం చేసుకోవడంలో దాదాపు రెట్టింపు వేగంతో ముందుకెళ్లారు. రెండో ఏడు ముగిసేసరికి ఆ మెరుగు రాతలోకి, వ్యాకరణంలోకి కూడా పాకింది. ఖరీదైన భాషా ప్రయోగశాలలు, విదేశీ శిక్షకులు అక్కడ లేరు. ఉన్నవి బొమ్మల పుస్తకాలు, రోజూ కాస్త సమయం.

అలాగని చదివిస్తే వ్యాకరణం దానంతట అదే వస్తుందనే వాదనతో నేను ఏకీభవించను. కెనడాలో 1965 నుంచి ఇంగ్లీషు పిల్లలను ఫ్రెంచి మాధ్యమంలో చదివించే బడులున్నాయి. ఏళ్ల తరబడి ఫ్రెంచిలోనే పాఠాలు విన్న ఆ పిల్లలు భాషను చక్కగా అర్థం చేసుకున్నారు, రాతలో, మాటలో మాత్రం వ్యాకరణ దోషాలు మిగిలిపోయాయి. రాయించాలి, మాట్లాడించాలి, రూపం మీద దృష్టి పెట్టించాలి అని మెరిల్ స్వెయిన్ అక్కడి అనుభవం నుంచే చెప్పారు. నియమాన్ని వివరించి చెప్పడం వల్ల మేలు ఉందని జాన్ నోరిస్, లూర్దెస్ ఒర్టెగా పదుల కొద్దీ పరిశోధనలను కలిపి 2000లో తేల్చారు. కాబట్టి వ్యాకరణం చెప్పాలా వద్దా అనే వివాదం ముగిసిపోయినట్టే. ఏ వ్యాకరణం, దేని పక్కన పెట్టి చెప్పాలన్నదే మిగిలింది. మన తరగతిలో లోపం కనిపించేదీ అక్కడే.

తెలుగు మాట్లాడే పిల్లకు ఇంగ్లీషులో ఎక్కడ కాలు తడబడుతుందో మనకు బాగా తెలుసు. నేను రేపు వస్తానని రాజు చెప్పాడు అంటాం. రాజు అన్న 'నేను', 'రేపు' అట్లాగే ఉండిపోతాయి, వాక్యాన్ని 'అని' మోస్తుంది. ఇంగ్లీషులో వ్యక్తి మారాలి, కాలం మారాలి, రేపు మరుసటి రోజవ్వాలి. గనిని మూసేశారు అంటే సరిపోతుంది, ఎవరు మూశారో తెలుగు అడగదు. మూసివేయబడింది అనేది దఫ్తరు కాగితాల మీద తప్ప నోట వినపడదు. ఇంగ్లీషుకు కర్త చోటు ఖాళీగా ఉండకూడదు కనుక పాసివ్ కావాలి. ఇది చెప్పకుండా కర్మను ముందుకు తెచ్చి క్రియకు మూడో రూపం రాయమంటే పిల్లలు చేసేస్తారు, ఎందుకు చేశారో తెలియదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు విశేషణ వాక్యాలది. నిన్న రెండో షిఫ్టులో దెబ్బ తగిలిన కార్మికుడు అన్నప్పుడు వివరమంతా కార్మికుడికి ముందే వస్తుంది. ఇంగ్లీషులో కార్మికుడు ముందు వస్తాడు, వివరం 'హూ', 'విచ్', 'దట్' వెంట తర్వాత వస్తుంది. సైన్సు పుస్తకంలో పొడవాటి వాక్యం దగ్గర పిల్ల ఆగిపోవడానికి ఎక్కువ సార్లు కారణం ఇదే, పదం తెలియకపోవడం కాదు. ఈ మూడు నాలుగు మలుపులను తెలుగుతో పోల్చి చెప్పి, వెంటనే ఒక నోటీసులోనో కథలోనో వాటిని వెతికిస్తే వ్యాకరణ పాఠం పఠనానికి ఉపకరిస్తుంది. ఇంగ్లీషు క్లాసులో తెలుగు మాట్లాడకూడదనే పట్టుదల ఇక్కడ పిల్లలకు నష్టమే చేస్తోంది.

హైదరాబాద్‌లో 1958లో స్థాపించిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్, నేటి ఇఫ్లూ, దక్షిణాదిలో ఇంగ్లీషు బోధనకు పెద్ద దిక్కు. మన పక్కనే 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు ప్రాంత బడుల్లో ఎన్.ఎస్.ప్రభు నడిపిన ప్రాజెక్టు ప్రపంచమంతా చదివే ప్రయోగమైంది. రైల్వే టైమ్‌టేబుల్ ఇచ్చి ఏ బండి పట్టుకుంటే ఎన్ని గంటలకు చేరతామో తేల్చమనడం, పటం చూసి దారి చెప్పమనడం వంటి పనులిచ్చి, ఆ పనిలో పడి భాష నేర్చుకునేలా చేశారు. సాధారణ బడులు, సాధారణ పిల్లలు. కాజీపేట-బల్లార్ష మార్గంలో రామగుండం మీదుగా వెళ్లే బళ్ల పట్టిక, గని భద్రతా వారోత్సవాల కరపత్రం, జీతం చీటీ, మందు పొట్లం మీద సూచనలు, కరెంటు బిల్లు - మన పిల్లల ఇళ్లలోనే ఇంగ్లీషు పఠన సామగ్రి ఇంత ఉంది. ఇవి ప్రశ్నపత్రంలో రావు కనుక తరగతిలోకీ రావడం లేదు.

ఇతర దేశాలు పరీక్షను, మాధ్యమాన్ని మార్చి ఏం పొందాయో, ఏం పోగొట్టుకున్నాయో కూడా చూడాలి. మలేసియా 2003లో గణితం, సైన్సు ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టి 2009లో వెనక్కి తగ్గాలని నిర్ణయించుకుంది. ఉపాధ్యాయులకే ఆ భాషలో పట్టు చాలకపోవడం, గ్రామీణ పిల్లలు వెనకబడటం ముఖ్య కారణాలు. రువాండా 2008లో ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకు ఒక్కసారిగా మారాలని నిర్ణయించి, చిన్న తరగతుల విషయంలో ముందుకూ వెనక్కూ ఊగిసలాడింది. దక్షిణ కొరియా విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలో 45 ఇంగ్లీషు ప్రశ్నల్లో 17 విని జవాబివ్వాల్సినవి. పోటీ తగ్గించాలని ఇంగ్లీషుకు ర్యాంకు పద్ధతి తీసేసి స్థిరమైన గ్రేడ్లు పెట్టినా అక్కడ ప్రైవేటు ట్యూషన్ల జోరు ఆగలేదు. జపాన్ ప్రైవేటు సంస్థల ఇంగ్లీషు పరీక్షలను ప్రవేశాలకు వాడాలనుకుని, పేద పిల్లలకు, మారుమూల పిల్లలకు అన్యాయం జరుగుతుందన్న నిరసనతో 2019 నవంబరులో ఆ ఆలోచనను పక్కన పెట్టింది. పొరుగున ఆంధ్రప్రదేశ్ 2023లో టోఫెల్ సంస్థతో ఒప్పందం చేసుకుని బడి పిల్లలకు ఆ పరీక్షలు పెట్టింది, ప్రభుత్వం మారాక అదీ ఆగిపోయింది. వీటన్నిటి నుంచి నాకు అర్థమయ్యేది ఒకటి: కొత్త పరీక్ష తెచ్చినంత మాత్రాన చదువు మారదు, చదవడానికి పేజీలు అందించనప్పుడు మాధ్యమం మార్చినా చదువు మారదు. మన దేశంలో నెమ్మదిగా, మెట్లు కట్టి మాధ్యమం మార్చి ఫలితం చూసిన నమూనా నవోదయ విద్యాలయాలు. ఏడు లేదా ఎనిమిదో తరగతి దాకా ప్రాంతీయ భాషలో చెప్పి, ఆ తర్వాత గణితం, సైన్సు ఇంగ్లీషులోకి మారుస్తారు. కేంద్రంలో వాటికి రూపమిచ్చిన మంత్రి పి.వి.నరసింహారావు. 1957 నుంచి రెండు దశాబ్దాలు శాసనసభలో మంథనికి ప్రాతినిధ్యం వహించిన ఆయన అనేక భాషలు చదివిన మనిషి కూడా. అయితే నవోదయ పిల్లలు ఎంపిక పరీక్ష రాసి వచ్చినవాళ్లు, అక్కడ గ్రంథాలయం, రాత్రి చదువుకు వేళ ఉంటాయి. నమూనాను మాత్రమే తెచ్చుకుని ఆ వసతులు వదిలేస్తే ఫలితం రాదు.

తెలుగు చదవడం సంగతి కూడా ఇందులో ఉంది. 2023లో అసర్ సర్వే దేశవ్యాప్తంగా ఎంపిక చేసిన గ్రామీణ జిల్లాల్లో 14-18 ఏళ్ల పిల్లలను పరీక్షిస్తే 57.3 శాతం ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగారు, వాళ్లలో దాదాపు ముప్పావు వంతు అర్థం చెప్పగలిగారు. అదే సర్వేలో నాలుగో వంతు పిల్లలు సొంత భాషలో రెండో తరగతి పాఠాన్ని ధారాళంగా చదవలేకపోయారు. సొంత భాషలో చదవలేని పిల్ల ఇంగ్లీషులో చదవదు. ఒకే కథ రెండు భాషల్లో దొరికితే రెండిటికీ లాభం. ఇందుకు సామగ్రి ఇప్పటికే ఉంది. తెలంగాణ పదో తరగతి ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలో చదివించే ఒక కథ పి.సత్యవతి 'ఇల్లలకగానే'కు అనువాదం. మూల కథను ముందు తెలుగులో చదివి, చర్చించి, ఆ తర్వాత ఇంగ్లీషు పాఠంలోకి వెళితే పిల్లలు పదాల కోసం ఆగరు, కథ వాళ్లను లాక్కెళుతుంది. హైదరాబాద్‌లోని మంచి పుస్తకం ప్రచురణలు తెలుగు-ఇంగ్లీషు ద్విభాషా పుస్తకాలు తక్కువ ధరకు అందిస్తున్నాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో 2015 నుంచి స్థాయిల వారీగా కథలు ఉచితంగా ఉన్నాయి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ.

డబ్బు లేక ఇది ఆగిందని పెద్దపల్లి జిల్లా చెప్పలేదు. ఖనిజ తవ్వకాలున్న జిల్లాల్లో ఏర్పాటైన జిల్లా ఖనిజ నిధి వినియోగంలో విద్య అత్యంత ప్రాధాన్య రంగాల్లో ఒకటి. కంపెనీల చట్టం కింద లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాల్సిన సంస్థలు ఈ జిల్లాలో ఒకటికి మించి ఉన్నాయి, ఆ ఖర్చులోనూ విద్యకు చోటుంది. ఫిజీ లెక్కన తరగతికి 250 పుస్తకాలు, ఒక్కోటి సగటున 60 రూపాయలనుకున్నా అయ్యేది 15 వేలు. బడికి ఒక డిజిటల్ బోర్డు కన్నా తక్కువ. ఇంటి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ పన్ను మరో వనరు. శాఖా గ్రంథాలయాలు నేడు ఉద్యోగ పరీక్షల అభ్యర్థులతో నిండి ఉన్నాయి, అది మంచిదే. వాటిలో పదిహేనేళ్ల పిల్లలకు ఒక అల్మారా, సాయంత్రం ఒక గంట కేటాయించడానికి కొత్త చట్టం అక్కర్లేదు. కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. గుత్తేదారు అంటగట్టే నిఘంటువులు, మహానుభావుల జీవిత చరిత్రల సెట్లు కాకుండా, స్థాయి చూసి, పిల్లలకు చదవాలనిపించే కథలు, విజ్ఞాన పుస్తకాలు ఇంగ్లీషు ఉపాధ్యాయులే ఎంచుకోవాలి. 2022లో రాష్ట్రంలో వంద రోజుల పఠన కార్యక్రమం నడిచింది. వంద రోజులు అయ్యాక పుస్తకాలు బీరువాల్లోకి తిరిగి వెళ్లకుండా చూసే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు.

పరీక్ష విషయంలో మూడు మార్పులు చాలు. ఒకటి, నిర్మాణాత్మక మూల్యాంకనంలో పుస్తకం చదివి సమీక్ష రాసే అంశం కాగితం మీద ఉంది, చాలా చోట్ల గైడులోని సమీక్షే నోటుబుక్కులోకి ఎక్కుతోంది. దాన్ని నిజం చేయాలంటే రాత బదులు అయిదు నిమిషాల మౌఖికం పెట్టాలి. చదివిన పుస్తకం గురించి పిల్లను రెండు ప్రశ్నలడిగితే చదివిందో లేదో తెలిసిపోతుంది. ఇంటర్మీడియట్ బోర్డు 2023-24 నుంచి ఇంగ్లీషులో 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టింది కనుక పదిలో ఈ అలవాటు వాళ్లకు అక్కడా ఉపయోగపడుతుంది. రెండు, పాఠంలోని తెలిసిన పేరాల మీద ప్రశ్నలు తగ్గించి, చూడని పేరాల వాటా మెల్లగా, మూడేళ్లలో, ముందే చెప్పి పెంచాలి. మూడు, విడి వాక్యాల్లో అడిగే వ్యాకరణ బిట్లను ఒక పేరాలోని తప్పులు దిద్దడం, ఖాళీలు పూరించడంలోకి మార్చాలి. అలాంటి ప్రశ్నలు ఇప్పుడూ కొన్ని వస్తున్నాయి, అవే ప్రధానం కావాలి. ఇవి ఒక్క ఏడాదిలో చేస్తే దెబ్బతినేది ప్రభుత్వ బడి పిల్లలే. పట్టణంలో ఫీజు కట్టగలిగిన ఇళ్లు వెంటనే కొత్త ట్యూషను వెతుక్కుంటాయి. అందుకే పుస్తకాలు ముందు, పరీక్ష మార్పు తర్వాత. ఆ క్రమం తారుమారైతే సంస్కరణ పేరుతో మరోసారి అన్యాయం జరుగుతుంది.

ఉపాధ్యాయుల కోణంలో కూడా ఒక భయం ఉంది. పఠనానికి పదిహేను నిమిషాలు ఇస్తే సిలబస్ మిగిలిపోతుందని. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో అది మూడో వంతు, నిజమే పెద్ద ముక్క. కానీ జనవరి నుంచి ప్రత్యేక తరగతుల్లో మళ్లీ మళ్లీ చేయిస్తున్న అవే బిట్లకు పోతున్న గంటలు అంతకన్నా ఎక్కువ. జూన్‌లో మొదలుపెడితే ఆ గంటల్లో చాలా భాగం అవసరమే రాదు. తొలి ఏడాది మార్కుల్లో పెద్ద తేడా కనిపించకపోవచ్చు, ఫిజీలో సైతం రాత మెరుగుపడటానికి రెండో ఏడు దాకా ఆగాల్సి వచ్చింది. కాబట్టి ఈ పని పదో తరగతితో ప్రారంభమైతే సగమే ఫలితం ఇస్తుంది. ఎనిమిదో తరగతి నుంచి మొదలై, పదిలో కొనసాగితే మూడేళ్ల పేజీలు పిల్లల వెనక ఉంటాయి. జిల్లాలో కొన్ని ఉన్నత పాఠశాలలను, గోదావరిఖని, మంథని, సుల్తానాబాద్ ప్రాంతాల నుంచి ఎంచుకుని, పుస్తకాలు ఇచ్చిన బడులను, ఇవ్వని బడులను రెండేళ్లు పోల్చి చూడొచ్చు. కొలవాల్సింది ఉత్తీర్ణత శాతం కాదు, చూడని ఒక పేజీని పిల్లలు ఎంత వేగంగా, ఎంత అర్థంతో చదివారన్నది. ఆ కొలత ఇఫ్లూ, కరీంనగర్ డైట్ కలిసి తయారు చేయగలవు. వచ్చే జూన్‌లో బడులు తెరిచే నాటికి ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల గదుల్లో ఆ 250 పుస్తకాలు ఉండాలంటే జిల్లా ఖనిజ నిధి కమిటీ ముందు ప్రతిపాదన ఈ ఆర్థిక సంవత్సరంలోనే వెళ్లాలి.